మా మామగారు పేరు పెట్టని వైను

మా మామగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. "మీ మామ లేస్తలేడు బిడ్డా, పిలిస్తె పలుకుతలేడు" అన్నారు మా అత్తగారు ఫోన్‌లో. పెర్త్ నగరం నుంచి స్వాన్ వ్యాలీలోని వాళ్ల ద్రాక్షతోటకు ముప్పావు గంట పడుతుంది. నేను వెళ్లేసరికి ఆయన వరండాలో, చలికాలం చివరి ఎండలో, మధ్యాహ్నం భోజనం చేసి ఒరిగినవారు ఒరిగినట్టే ఉన్నారు. అది జరిగి రెండు నెలలవుతోంది. ఇంతకాలం ఆయన గురించి ఒక్క మాట కూడా రాయలేకపోయాను.

ఇప్పుడు రాస్తున్న దాంట్లో నివాళికి ఉండాల్సిన గాంభీర్యం కనిపించకపోతే మన్నించండి. ఆయన్ని తలుచుకుంటే నాకు హుషారే వస్తుంది. పొద్దున ఆరింటికి ఫోన్ చేసి, "అల్లుడుగారూ, నిద్ర లేచిన్రా? పూత వచ్చింది" అని చెప్పే మనిషి గురించి విచారంగా రాయడం నా వల్ల కాదు. ఆయన గొంతు వింటే పూత ప్రపంచంలో మొట్టమొదటిసారి వచ్చిందేమో అనిపించేది. హారిస్‌డేల్‌లో మా ఇంట్లో నేను కళ్లు నులుముకుంటూ సరే సరే అనేవాణ్ణి. నేను లేచానని రూఢి చేసుకున్నాకే ఆయన ఫోన్ పెట్టేసేవారు.

హైదరాబాదు శివార్లలో ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి. మా మామగారి పెద్దలు అక్కడే బతికారు. ఆ తోటలు ఇళ్ల స్థలాలైపోయాక ఆయన భార్యనూ కూతురినీ తీసుకుని పెర్త్ వచ్చి, కానింగ్ వేల్‌లో హోల్‌సేల్ పళ్ల మార్కెట్‌లో పెట్టెలు మోశారు. ఒక క్రిస్మస్ ముందు మార్కెట్ యజమాని పనివాళ్లందరి ముందూ నురగలు పొంగే వైను సీసా ఒకటి తెరిచాడట. ఆ చప్పుడూ ఆ పొంగూ చూసి ఈయనకు మతిపోయింది. "ద్రాక్షల ఇంత సంబురం దాసిపెట్టిన్రా అనుకున్న" అని నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆయన చేతులు గాల్లోకి లేచేవి.

ఆ తరువాత కొన్నేళ్లకు స్వాన్ వ్యాలీలో ఒక ముసలి తోట కొన్నారు. షెనిన్ అనే తెల్ల ద్రాక్ష వరసలు, ఒక రేకుల షెడ్డు, ఒక పాత ఇల్లు. పని చేసేది ఇంటివాళ్లే. మా అత్తగారు తీగెలు కత్తిరించేవారు. నా భార్య సెలవులన్నీ తోటకే రాసిచ్చింది. పంటలో ఎక్కువ భాగం పెద్ద వైనరీలకు అమ్మి, ఒక ట్యాంకు మాత్రం తమ కోసం ఉంచుకునేవారు. దాంతో మంచి నురగ వైను చేసి, ఇంటి పేరు పెట్టి బయటికి పంపాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే. లేబుల్ వేయిద్దామని కూతురు తొందరపెడితే, "బాగుందని నేననొద్దు, తాగినోళ్లు అనాలె, అప్పుడు పేరు పెడదాం" అనేవారు.

నేను ఆ ఇంటి అల్లుణ్ణయింది అప్పుడే. మాది తణుకు, నా పని కంప్యూటర్లు. ద్రాక్ష కోత చూడాలని తెగ ఉబలాటపడుతూ తెల్లవారకముందే వెళితే, మా మామగారు నన్ను షెడ్డు నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చేతిలో కాఫీ పెట్టారు. అల్లుడి చేత పని చేయించడమా, ఎవరైనా వింటే నవ్విపోరూ అని ఆయన బాధ. అందరూ చెమటోడుస్తుంటే నేను పెళ్లిపీటల మీద నుంచి లేవని పెళ్లికొడుకులా కూర్చున్నాను. నేను కత్తెర అందుకోబోతే, "మీరు కూసోండ్రి" అని లాక్కునేవారు.

కూర్చుని చేసే పని ఒకటి ఉందని ఆయనే కనిపెట్టారు. రుచి చూడడం. నలభై ఏళ్ల జర్దా పాన్ తన నాలుకను తినేసిందని ఆయనకు తెలుసు. ఆ ఏడు ట్యాంకులో వైను తయారై సీసాల్లోకి పట్టే ముందు, పక్క తోట క్రొయేషియన్ పెద్దాయన రుచి చూసి, బరువుగా ఉంది, ఇది నురగకు పనికిరాదు అన్నాడు. మా మామగారు గ్లాసు నా చేతికిచ్చి, మీరు చెప్పండ్రి అన్నారు. నాకు అందులో మాగిపోయిన అరటిపండు వాసన వచ్చింది, నాలుక మీద జిడ్డుగా తగిలింది. కానీ ఎదురుగా ఆయన ముఖం వెలిగిపోతోంది. అత్తవారింట్లో అల్లుడు వంకలు పెడితే ఏం బాగుంటుంది? "చాలా బాగుంది మామయ్యగారూ" అన్నాను. ఆయన ఆ సాయంత్రమే మొత్తం ట్యాంకును పంచదార, ఈస్టు కలిపి సీసాలకెత్తించారు.

సీసాలు రెండేళ్లు షెడ్డులో పడుకున్నాయి. లోపల రెండోసారి పులిస్తేనే బుడగ పుడుతుంది. సీసా కొంచెం కొంచెం తిప్పితే మడ్డి మెడలోకి దిగుతుంది. ఆయన ఒక్కో సీసానూ నిద్రపోతున్న పసిపిల్ల తల సర్దినట్టు తిప్పేవారు. రెండేళ్లయ్యాక తెరిచాం. నురగ గ్లాసులోనే నీరుగారిపోయింది. వైను మందంగా, ప్రాణం లేకుండా ఉంది. పక్క తోట పెద్దాయన ఒక గుక్క తాగి, మూడు వారాలు ఆలస్యంగా కోశారు, పండిన తీపితో బుడగ నిలవదు అన్నాడు. తినే ద్రాక్ష పండించిన వంశం కదా ఆయనది. తీపి రాని కాయను కోయడం మా మామగారికి పాపంతో సమానం.

అయినా ఆయన ఒప్పుకోలేదు. ఇంగ్లీషులో ఆ పెద్దాయనతో వాదించారు. తప్పు తన చేతిలో ఉండొచ్చుగానీ తన అల్లుడి నాలుకలో లేదట. ఆ మాట వినగానే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. షెడ్డు వెనక్కి ఆయన వెంట వెళ్లి, "మామయ్యగారూ, ఆ రోజు నాకు అది నచ్చలేదు. మీరు బాధపడతారని బాగుందన్నాను" అని చెప్పేశాను.

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు.

"నేను నిన్ను కుర్సీల కూసోబెట్టిన, నువ్వు నన్ను పొగిడినవ్. ఇద్దరం కలిసి రెండేండ్లు గంగల గలిపినం" అన్నారు. "ఎల్లుండి సంది కోత. పొద్దుగాల రా, కత్తెర ఇస్త."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ కోత నేను జన్మలో మరిచిపోను. కాయలు ఇంకా ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. మొదటి గుత్తి దగ్గర ఆయన కత్తెర తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు. పక్క వరసలో మా అత్తగారు, ఈయన పిందెలు కోస్తుండు, ఈయనకేమైంది అని గొణుగుతున్నారు. ఆయన ఒక కాయ కొరికి, ముఖం ముడుచుకుని, కళ్లు మూసుకుని, "నోరు జివ్వుమనాలె అల్లుడా, జివ్వుమనాలె" అన్నారు. ఎండ ముదిరే లోపల సగం తోట కోసేశాం. నా వేళ్లు బొబ్బలెక్కాయి. ఇంటికెళ్లి ఆఫీసు పని చేస్తుంటే కీబోర్డు కూడా జిగురుగా తగిలింది.

ఈసారి సీసాలను మూడేళ్లు పడుకోబెట్టాలనుకున్నాం. రెండో ఏడు దాటేసరికి ఆయన గుండె బలహీనపడింది. పోయిన మే నెలలో, మూడేళ్లు నిండగానే, డాక్టరు మాతో ఆయన్ని సంతోషంగా ఉంచండి, ఎక్కువ నెలలు లేవు అని చెప్పారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆ ఆదివారం ఒక సీసా తెరవమన్నారు. వరండాలో ఆయన, మా అత్తగారు, నా భార్య, నేను. నేను మూత తీసి, మడ్డి చిమ్మించి, గ్లాసులో పోశాను. నా భార్య చెయ్యి నా భుజం మీద పడింది. అది గట్టిగా నొక్కడంలోనే ఆమె ఏం చెప్పమంటోందో అర్థమైంది.

పులుపు ఉంది, చురుకు ఉంది. బుడగలు సన్నగా, ఆగకుండా వస్తున్నాయి. కానీ ఈస్టు వాసన పచ్చిగా ఉంది, చివర్లో గరుకు తగులుతోంది. ఆయన నా ముఖాన్నే చూస్తున్నారు. ఒక్క మాటతో ఆ మనిషి కోరిక తీర్చేయొచ్చు.

"ఇంకా ఆరు నెలలు ఆగాలి మామయ్యగారూ" అన్నాను.

నా భార్య లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆయన మాత్రం కుర్చీ చేతి మీద చరిచారు. "ఇది నమ్మొచ్చు" అన్నారు. "ఆరు నెలలంటె తీగెలు పూతకొస్తయి. పెట్టు, తొందరేమున్నది." ఆ తరువాత ఆయన ఉత్సాహం చూడాలి! సుద్దముక్క తెప్పించుకుని, నన్ను పట్టుకుని షెడ్డులోకి నడిచి, అరలన్నిటి మీదా తెరవాల్సిన నెల తన చేత్తోనే రాశారు. నా భార్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే ఆమెకు ఫోన్ చేసి, "వానితోని మాట్లాడు బిడ్డా, వాడు మన పని చేసిండు" అని చెప్పారట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు నిండుతాయి. ఆ తరువాత ఆయన నాలుగు నెలలే ఉన్నారు.

పోయిన శనివారానికి ఆరు నెలలు నిండాయి. తోటంతా సన్నని పూత. పక్క తోట పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. నేను సీసా మెడ చల్లబరిచి మూత వదిలాను. మడ్డి ఎగిరిపోయింది, నురగ నా మోచేతి దాకా పొంగింది. గ్లాసులో దారాల్లాంటి బుడగలు కిందనుంచి పైకి ఒకటే పరుగు. తాగాను. నిమ్మతొక్క, వేయించిన జీడిపప్పు, ఆ వెనకాల నోరంతా జివ్వుమనే పులుపు, ఎక్కడా గరుకు లేదు. అరవాలనిపించింది. ముగ్గురూ నా ముఖంలోకి చూస్తున్నారు.

"అయ్యింది" అన్నాను.

"నిజంగానా?" అంది నా భార్య.

"నిజంగానే. పేరు వేయించుకోవచ్చు."

పక్క తోట పెద్దాయన గ్లాసు అందుకుని, తాగి, టోపీ మళ్లీ తల మీద పెట్టుకుని నా చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు, ఎంతకీ వదలడే. అప్పుడు మా అత్తగారు ముందుకొచ్చారు. ఇన్నేళ్లూ వైను చేసిన ఇంట్లో ఉండి, ఒక్క చుక్క నోట్లో వేసుకోని మనిషి. నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. ఎవరివైపూ చూడకుండా పూత మీదున్న వరసలవైపు తిరిగి గటగటా తాగేశారు. బుడగలు ముక్కుకెక్కి, కొంగు అడ్డం పెట్టుకుని రెండుసార్లు తుమ్మారు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, రెండు నెలల తరువాత మొదటిసారి నవ్వారు.

"ముక్కుల మంట వెట్టిండు ఈ మనిషి" అని, ఖాళీ గ్లాసు నా ముందుకు చాపారు. "ఇంకింత పొయ్యి బిడ్డా."