గౌను గుర్తుకే మన ఓటు

సింగపూరులో మా ఇంటి దగ్గరి ఆంగ్ మో కియో లైబ్రరీలో నేను ముట్టని అరలంటూ పెద్దగా మిగల్లేదు. పదో తరగతితో బడి మానేసి షిప్‌యార్డు పనికి వచ్చినవాణ్ణి. నాకు తెలిసిందేదైనా ఉంటే ఆ అరల ముందు నిలబడి నేర్చుకున్నదే. మొన్న ఆదివారం, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఇంగ్లండులోని ఒక శివారు పేట గురించిన పుస్తకం దొరికింది. అందులో కౌన్సిల్ ఎన్నిక మీద ఒక అధ్యాయం. కార్లున్న అభ్యర్థులు ఓటర్లను ఇళ్ల దగ్గరే ఎక్కించుకుని తీసుకెళ్లేవారట. జనం ఒకరి కారులో దర్జాగా వెళ్లి, ఇంకొకరికి ఓటేసి వచ్చేవారట. పైకే నవ్వేశాను. పక్కన కూర్చున్న మా అమ్మాయి పేజీలోకి తొంగి చూసి, "నాన్నా, అంతా డ్రెయిన్ల గొడవే కదా, సో బోరింగ్ లా!" అంది. డ్రెయిన్ల గొడవే. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

అప్పట్లో ఊళ్లో మా మేనత్త పంచాయతీ వార్డు మెంబరుగా నిలబడిందీ అందుకే. మా వీధి మంచినీళ్ల గొట్టం మురుగుకాలవలోంచి వచ్చేది. అది ఎక్కడో చిట్లింది. వానలు పడితే చాలు, కుళాయి నీళ్లు రంగు మారేవి, ఇంటికొకరు కామెర్లతో మంచం ఎక్కేవారు. గొట్టాన్ని కాలవ నుంచి తప్పించాలని అత్త పట్టు. ఆమెకు పోటీ వీధి చివర ఆటోలున్న బాబాయి, మాకు దూరపు చుట్టం. గొట్టానికేం ఢోకా లేదంటాడాయన, దాన్ని వేయించింది తనే కాబట్టి. అత్తకు వచ్చిన గుర్తు గౌను. "పుట్టి బుద్ధెరిగి పరికిణీలే గానీ గౌను తొడగలేదు. ఇప్పుడు ఊరంతా దీన్ని పట్టుకుని ఊరేగాలి" అని తనమీద తానే నవ్వుకునేది.

పోలింగు రోజు పొద్దున్నే బాబాయి ఆటోలు ముసలివాళ్ల కోసం వచ్చాయి. అత్త ఇంటింటికీ ముందే చెప్పి పెట్టింది: "ఆటో ఆయనది, ఓటు మీది. హాయిగా ఎక్కండి, గౌను మీద గుద్దండి." ఇంగ్లండు వాళ్ల ఎత్తే, ఏ పుస్తకమూ చదవకుండా. సాయంత్రానికి లెక్కింపు అయిపోయింది. అత్త ఓడిపోయింది. ఇంటికొచ్చి మా నానమ్మను, అంటే తన కన్నతల్లిని, అడిగింది: "అమ్మా, నువ్వైనా గౌనుకే వేశావా?"

నానమ్మ తడుముకోలేదు. "ఎలా వేస్తానే? చెయ్యి పట్టుకుని ఎక్కించాడు, మళ్లీ గుమ్మంలో దించాడు. వాడి బండిలో కూర్చుని వెళ్లి వాణ్ణే ముంచెయ్యమంటావా?"

"మరి నేనో?"

"నువ్వు కూతురివి. నీకు రేపు సర్దిచెప్పుకుంటాను. వాడికేం చెప్పుకోను?"

ఆ ఆటోలు ఎక్కిన ముసలివాళ్లందరిదీ అదే జవాబని తర్వాత తెలిసింది.

గొట్టం కాలవలోనే ఉండిపోయింది. ఆ వానలకు కామెర్లు అత్తకే వచ్చాయి. కళ్లు పచ్చబడి, మాట తడబడే దాకా పసరు మందుతోనే నెట్టుకొచ్చారు ఇంట్లోవాళ్లు. చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి వచ్చింది బాబాయి ఆటోయే. ఆయనే నడిపాడు. ఎక్కిస్తుంటే అత్త, "నేనూ ఎక్కేశాను తమ్ముడూ, ఇక నా ఓటూ నీదే" అంది. ఆయన నవ్వబోయి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్త తిరిగి రాలేదు. నానమ్మకు సర్దిచెప్పుకోవడానికి రేపు అన్నది దొరకలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె ఎవరి ఆటోనూ ఎక్కలేదు.

లైబ్రరీ నుంచి బయటికి వస్తూ మా అమ్మాయి కుళాయి దగ్గర సీసా నింపుకుని, చూడనైనా చూడకుండా గటగటా తాగేసింది. నేను మాత్రం ఇన్నేళ్లయినా సీసాను ముందు వెలుతురుకు ఎత్తి చూస్తాను. మా వీధి గొట్టాన్నీ తర్వాతెప్పుడో మార్చారు. అడిగిన పని కాలం చేసి పెడుతుంది, అడిగిన మనిషి వెళ్లిపోయాక.