ఒకే జబ్బుకు రెండు చీటీలు

కుట్టుపని షెడ్డులో ఆమెను అందరూ లేబుల్ అత్త అంటారు. చొక్కా కాలర్లకు కంపెనీ పేర్లు కుట్టడమే పద్దెనిమిదేళ్లుగా ఆమె పని. దారాన్ని పంటితో కొరుకుతుంది, నాలుకకు అంటిన ముక్కను రెండు వేళ్లతో తీసి పారేస్తుంది. ఒకే తానులోంచి వచ్చిన చొక్కాలకు పొద్దున ఒక పేరు, మధ్యాహ్నం ఇంకో పేరు కుడుతూ, "పేరు చూసి మురిసిపోయే పిచ్చిమొహాలు" అని కొనేవాళ్లను తలుచుకుని నవ్వుతుంది.

అలాంటి మనిషి ఆ రోజు బీపీ బిళ్ళల అట్టను మిషను మీద పడేసి మూతి ముడుచుకుని కూర్చుంది. డాక్టరమ్మ తనకు చవక జనరిక్ మందు రాసింది. అదే జబ్బుకు, తన వెనకాలే లోపలికి వెళ్లిన సూపర్‌వైజరమ్మకు మాత్రం పేరున్న కంపెనీ మందు రాసింది. మందుల షాపు బల్ల మీద రెండు చీటీలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఆ సంగతి బయటపడింది.

"లోపలి మందు ఒకటేనంట అత్తా, మన చొక్కాల్లాగే," అంది పక్క మిషను పిల్ల.

"నాకు తెలీదా తల్లీ? ఆ ముక్క నాకు చెప్తున్నావా?" అంటూనే ఆమె బిళ్ళ మింగింది.

నెల తిరిగేసరికి బీపీ దిగింది. చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ డాక్టరమ్మ నవ్వింది. "చక్కగా పనిచేసిందిగా! ఇంకా ఏంటి ఆ మొహం?"

"పనిచేసిందమ్మా," అంటూ అత్త లేచింది. "పదేళ్లుగా మీ దగ్గరికే వస్తున్నా. నా జబ్బు చూసి రాస్తారనుకున్నాను. నా చెప్పులు చూసి రాశారు."