గుమ్మం దగ్గర కేక

మా బంట్రోతు ఇరవై ఆరేళ్లు కోర్టు గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచాడు. నేను బెంచి గుమస్తాని. కాగితం చూసి నేను పేరు చెబితే, అతను గుమ్మంలోకి వెళ్లి ఆ పేరు మూడుసార్లు కేకేసేవాడు. మనిషి వస్తే కేసు నడిచేది. రాకపోతే "పిలిచాం, రాలేదు" అని నేను రాసేవాణ్ణి. ఇక అవతలివాళ్లు చెప్పిందే వేదం. అతన్ని అందరం 'మైకు' అనేవాళ్లం. మెట్ల కింద టీ తాగుతున్న ప్లీడర్లు కూడా ఆ గొంతు వింటే గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చేవారు. ఆ గొంతంటే అతనికి కొండంత గర్వం.

అతని కూతురు లా కాలేజీలో మొదటి సంవత్సరం. సాయంత్రాలు ఆ పిల్ల చేత పాఠం పైకి చదివించుకుని, మర్నాడు అన్నాల దగ్గర నాకు అప్పజెప్పేవాడు. ఒకప్పుడు రాజు నోటిమాటే చట్టమట. జనం కొట్లాడి, రాజు కూడా చట్టం కిందికే వస్తాడని రాయించుకున్నారట. మనుషులు ఒకరినొకరు పీక్కుతినకుండా ఉండటానికి ఒప్పందం చేసుకుని ప్రభుత్వాన్ని పెట్టుకున్నారని ఎవరో పెద్దాయన అన్నాడట.

"ఆ ఒప్పందం మీద మీరు సంతకం పెట్టారా సార్?" అని అడిగాడు.

"నన్నెవడు పిలిచాడయ్యా?"

"పిలవాల్సింది నేనే కదా. అప్పటికి ఉద్యోగంలో చేరలేదు" అని విరగబడి నవ్వాడు.

ఆ పుస్తకంలో అతనికి బాగా నచ్చింది ఒక్కటే మాట: ఇద్దరూ చెప్పేది వినకుండా తీర్పు ఇవ్వకూడదు. "వినాలంటే ముందు పిలవాలి కదా సార్. అంటే మొదటి పని నాదే" అనేవాడు.

ఆ ఏడే అతని గొంతు బొంగురుపోయింది. లోపల చిన్న కాయ లేచిందని, ఆరు నెలలు గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. ఈ సంగతి నా ఒక్కడి చెవిన వేశాడు.

"పైవాళ్లతో చెప్పి రికార్డు గదికి మారిపోవయ్యా" అన్నాను.

"గుమ్మం వదిలితే నేనెవర్ని సార్? కట్టల మీద దుమ్ము దులిపేవాణ్ణి."

నేనూ ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా చేతనైన పని.

ఒక సోమవారం ఇల్లు ఖాళీ చేయించే దావా ఒకటి వచ్చింది. ప్రతివాది బట్టలు కుట్టే ఆవిడ. భర్త లేడు. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని బతుకుతోంది. ఆవిడ ప్లీడరు పక్క కోర్టులో ఉన్నాడు. ఆవిడ వరండా చివర బల్ల మీద కూర్చుంది. మైకు మూడుసార్లు పిలిచాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న నాకే ఆ పేరు సరిగ్గా వినపడలేదు. తలెత్తి చూశాను. అతను తల దించుకున్నాడు. "పిలిచాం, రాలేదు" అని రాసేశాను. ఇల్లు ఖాళీ చేయాలని ఏకపక్షంగా తీర్పు వచ్చింది. కోర్టు లేచేదాకా ఆవిడ, తన వంతు వస్తుందని, ఆ బల్ల మీదే ఉంది.

తననెవరూ పిలవలేదని, తీర్పు కొట్టేసి మళ్లీ వినమని ఆవిడ అర్జీ పెట్టుకుంది. విచారణకు ముందురోజు మైకు నాతో, "నిజం చెప్పేస్తాను సార్. గుమ్మం పోతే పోనీ" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అతను చెబితే నేను చెప్పక్కర్లేదు.

మర్నాడు జడ్జిగారు అడిగారు: "ఏమయ్యా, ఆ రోజు ఈవిడ్ని పిలిచావా?"

మైకు గుమ్మం వైపు చూశాడు. తర్వాత చేతులు కట్టుకుని, "మూడుసార్లు పిలిచానండి" అన్నాడు.

"ఏంటీ? వినపడలేదు. గట్టిగా చెప్పు."

సాక్ష్యమంతా అక్కడే ఉంది. జడ్జిగారే చెప్పారు, వినపడలేదని. గదిలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. కలం పట్టుకుని కూర్చున్నాను. మైకు మెడ నరాలు ఉబ్బేలా మళ్లీ అదే మాట చెప్పాడు. అర్జీ కొట్టేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ రోజు పూజారులం మేమిద్దరం.

బయట వరండాలో ఆవిడ అతని దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీరు పిలిచే ఉంటారు అన్నయ్యా. మీకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది? రోజంతా మిషను చప్పుడు కదా, నా చెవులే పోయినట్టున్నాయి" అంది.

ఆ తర్వాత కూతురు పుస్తకం తీస్తే మైకు లేచి బయటికి వెళ్లిపోయేవాడట. రెండు నెలలకు ఆవిడ ప్లీడరు కనిపించి మా ఇద్దరికీ ఒక సంగతి చెప్పాడు. ఆవిడ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లిందట. చెవులకేం లోపం లేదన్నారట. "అయితే నాకు మతే తప్పిందేమో" అని భయపడి, కుట్టుపని కూడా ఒప్పుకోవడం మానేసిందట.

మైకు వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. నేను నా కాగితాల దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఆ ఇంట్లో వేరేవాళ్లు దిగారు.