వినపడని చెవి

మా అత్తకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు చీము పట్టిన చెవిలో ఎవరో ఏదో పసరు పోస్తే పోయిందట. ఆ లోపాన్ని ఆవిడ వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకుని ఉండరు. మామ కేకలేస్తే ఆ చెవి అటు తిప్పి చేటలో చోళ్ళు చెరుగుతూ కూర్చునేది. నేను విసుక్కున్నా అంతే. నాకు ముక్కుమీద కోపం. ఎనిమిదో తరగతి దాకా చదివి గజపతినగరం దగ్గరి ఆ మెట్ట పల్లెకు కాపురానికి వచ్చానన్న గర్వం కూడా ఉండేది. తెల్లారి లేస్తే ఇద్దరికీ ఏదో ఒక దానిమీద పేచీ వచ్చేది.

అరవైల చివర, గోగు కోతల కాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది. మా ఇళ్ళల్లో ఇరవయ్యొకటో నాడు మేనత్త వచ్చి బిడ్డ చెవిలో పేరు పిలుస్తుంది. అంతవరకు అందరికీ అది గుంటే. గుంట లేచిందా, గుంట పాలు తాగిందా, అంతే. నేను మాత్రం మనసులో ఒక పేరు అనుకుని ఉన్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. పేరు పెట్టడానికి నాలుగు రోజులుందనగా పిల్ల పాలు తాగడం మానేసింది. బండి కట్టించుకుని టౌన్లో ఉన్న మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారు. సాయంత్రానికి పోయింది.

అక్కడి నర్సమ్మ నా పక్కన మోకరించి, ప్రార్థన చేస్తాను, బిడ్డ పేరు చెప్పమ్మా అంది. పుట్టిన ప్రతి ఒక్కరి పేరూ వాళ్ళ ప్రభువుకు తెలుసట.

"ఇంకా ఎట్టలేదమ్మా" అంది మా అత్త.

నర్సమ్మ "ఈ బిడ్డ" అంటూ ప్రార్థన చేసింది. మంచి మనిషి, ఆవిడ కళ్ళు కూడా తడిశాయి. కానీ ఆ మాట నా గుండెలో దిగబడిపోయింది. నా కూతురు పేరైనా లేకుండా వెళ్ళిపోయిందన్న దుఃఖం, అది పోయిందన్న దుఃఖంకంటే పెద్దదైపోయింది. పసిపిల్లలను మావాళ్ళు కాల్చరు, పాతిపెడతారు. ఆ చోట గుర్తుకు రాయి కూడా ఉంచరు.

కొన్నాళ్ళకు గాజుల సాయిబు వచ్చాడు. నా మొహం చూసి, గాజుల మలారం కింద దించి సంగతి అడిగాడు. "మా ఇళ్ళల్లో బిడ్డ భూమ్మీద పడగానే సెవిలో దేవుడి పిలుపు సెప్పేస్తామమ్మా. ఒక్క దినం కూడా ఆగం" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు పాపం. నాకు మాత్రం అసూయ పుట్టింది. మేమెందుకు అన్నాళ్ళు ఆగాలి అని ఇంటిల్లిపాదిమీదా మండిపడ్డాను.

అప్పుడు మా అత్త చెవులమ్మ సంగతి చెప్పింది.

ఊరి పైన గోగు చేలు దాటాక, తుప్పల్లో ఒక నల్లరాతి విగ్రహం ఉండేది. బాసీపట్టు వేసుకుని కూర్చున్న మనిషి, చేతులు ఒళ్ళో, కళ్ళు సగం మూసి. చెవులు మాత్రం భుజాలు తాకేంత పొడుగు. అంత చెవులున్నది వినడానికేనని ఊళ్ళో ఆడవాళ్ళ నమ్మకం. అందుకే చెవులమ్మ. చీర చుట్టి, పసుపు రాసి, మొక్కుబడికి కోడిని కోసేవారు. పేరు పెట్టకుండా పోయిన పసిబిడ్డ దారి తెలియక తిరుగుతుందనీ, తల్లి ఒక పేరు అనుకుని చెవులమ్మ చెవిలో చెబితే అమ్మ ఆ బిడ్డను పిలుచుకుంటుందనీ అనేవారు. ఏటా బిడ్డ పోయిన రోజున వెళ్ళి మళ్ళీ చెప్పాలి. మానేస్తే బిడ్డ మళ్ళీ దారి తప్పుతుంది. ఇంట్లో మాత్రం ఆ పేరు ఎత్తకూడదు. బతికున్నవాళ్ళ చెవిన పడితే తరవాత పుట్టే బిడ్డకు తగులుతుందని భయం.

"ఇవన్నీ నువ్వు నమ్ముతావా అత్తా" అన్నాను.

"నాను ఇద్దరి పేర్లు సెప్పుకున్నాను. నమ్మకపోతే ఏటి సేత్తాను?" అంది.

మా ఆయనకంటే ముందు ఆవిడకు ఇద్దరు పుట్టి పోయారని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. జిడ్డు పట్టి చల్లగా ఉన్న ఆ రాతి చెవికి నోరు ఆనించి నా కూతురి పేరు చెప్పాను. ఆ పేరు నా నోటితో నేను పలకడం అదే మొదలు. ఇంటికొచ్చి కడుపు నిండా అంబలి తాగాను. అలా తాగి చాలా రోజులైంది.

ఏడాది తిరగబోతుండగా టౌన్ నుంచి ఒక చరిత్ర మాస్టారు వచ్చారు. తెల్ల చొక్కా, భుజాన సంచి, మర్యాదస్తుడు. ఆడవాళ్ళను బతిమాలి విగ్రహానికి చుట్టిన చీర కొంచెం తొలగించి చూసి, అరుగుమీద కూర్చుని మాకందరికీ విడమర్చి చెప్పారు. అది అమ్మవారు కాదు, మగ విగ్రహం. బుద్ధుడు కూడా కాదు, ఒంటిమీద నూలుపోగు లేదు గనక జైనుల తీర్థంకరుడు. ఒకప్పుడు ఈ కొండల్లో బౌద్ధులూ జైనులూ ఉండేవారు. ఆదరించే రాజులు పోయాక వాళ్ళూ చెదిరిపోయారు, రాళ్ళు మిగిలాయి. చీమ కాలికింద పడుతుందేమోనని దారి ఊడ్చుకుంటూ నడిచే సన్యాసులట వాళ్ళు. చెవుల పొడుగు మహాపురుషులకు శిల్పులు పెట్టే గుర్తు.

"అలాంటాయన ముందు మీరు కోళ్ళు కోస్తున్నారమ్మా" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

"ఇన్నేళ్ళూ ఏటీ అన్లేదు గద బాబూ" అంది మా అత్త.

"అనడమ్మా. కోరికా కోపమూ అన్నీ వదిలేసినవాడు. ఎవరి మొరా వినడు, ఎవరికీ ఏమీ ఇవ్వడు. ఆయన్ని చూసి మనమే బాగుపడాలని వాళ్ళ మతం."

అందరూ ఆశ్చర్యంగా విన్నారు. నాకు మాత్రం ఒక్క మాటే పట్టుకుంది. వినడా? మరి నేను చెప్పిన పేరు ఎక్కడికి పోయినట్టు?

మా అత్త దారిలో అంది, "ఆడైతేటి, మొగైతేటి. సెవులున్నాయి గదే."

తరవాత పురావస్తు శాఖ ఆఫీసువాళ్ళు వచ్చారు. పాత విగ్రహాలు దొంగలపాలవుతున్నాయి, మ్యూజియంలో భద్రంగా ఉంటుంది అన్నారు. ఊరి పెద్దలకు అది సబబుగానే తోచింది. దేవుడెవరో తెలియకుండా మొక్కామన్న సిగ్గు కూడా వాళ్ళలో ఉన్నట్టుంది. పసుపంతా కడిగి, గోనెసంచులు చుట్టి, గడ్డి పరిచిన లారీలోకి ఎక్కించారు. కడిగాక చూస్తే ఎంత అందమైన మొహమో. ఆడవాళ్ళం గట్టుమీద నిలబడి చూశాం. ఎవరూ అడ్డం పడలేదు. ఏమని పడతాం? ఆయన మావాడు కాడని చదువుకున్నవాళ్ళే చెప్పాక మాకింక మాటేముంది.

నా కూతురు పోయిన రోజు వచ్చింది. పొద్దుటి నుంచి గిన్నెలు విసిరేస్తున్నాను. మా ఆయన మెల్లగా పొలానికి జారుకున్నాడు. మాస్టారిమీద, లారీమీద, ఆ వినని దేవుడిమీద కోపం. అన్నిటికీ అడుగున భయం. ఈసారి పిలవకపోతే నా పిల్ల మళ్ళీ ఎక్కడ తిరుగుతుందో. నమ్మకం లేదని అనుకున్నదాన్ని, ఆ రోజు నమ్మకుండా ఉండలేకపోయాను.

మా అత్త చేట పక్కన పెట్టి, "ఒసే, ఇలగ్గా కూకో" అంది.

కూర్చున్నాను. జుట్టు వెనక్కి తోసి, ఎడమ చెవి నా మొహం ముందు పెట్టింది. బరువు కమ్మలకు సాగి, భుజం దాకా కాకపోయినా బాగానే వేలాడే చెవి.

"సెప్పు. దీనికి ఇనపడదు గదేటి. ఆ రాయి ఎంతో ఇదీ అంతే. ఇంట్లో పేరెత్తినట్టు కాదు."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. చెవికి నోరు ఆనించి చెప్పాను. ఈ చెవి వెచ్చగా ఉంది. ఆవిడ కదలలేదు. "అయిందా" అని కూడా అడగలేదు. నేను తల ఎత్తాక మళ్ళీ చేట అందుకుంది.

ఆ తరవాతి వేసవిలో మా అత్త మంచం పట్టింది. వైద్యుడు మందు ఇచ్చాడు గానీ ఆశ ఇవ్వలేదు. అప్పటికి నాకు మళ్ళీ నెల తప్పింది. ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నన్ను పిలిచింది.

"సెవి ఇయ్యే. నావి కూడా సెప్పుకోవాల."

"నాకు వినపడుతుంది కదా అత్తా. తగులుతుందన్నావు" అన్నాను, కడుపుమీద చెయ్యి వేసుకుని.

"ఏటీ తగల్దు. నాను సూసినాను గదా."

ఎలా చూసిందో నాకు అర్థం కాలేదు. వంగాను. జ్వరం ఊపిరి వేడిగా చెవికి తగిలింది. ఒక పేరు చెప్పింది. కాసేపు ఆగి ఇంకొకటి. అవి మా ఆయనకంటే ముందు పుట్టి పోయినవాళ్ళవి. అయిపోయిందనుకుని తల ఎత్తబోతే మెడమీద చెయ్యి వేసి ఆపింది. మూడో పేరు చెప్పింది.

అది నా కూతురి పేరు.

నేను ఏడ్చాను, ఆపుకోలేక, గట్టిగానే. మా అత్త గోడవైపు ఒత్తిగిలి, ఎడమ చెవి పైకి పెట్టి, ఏమీ వినపడనట్టే పడుకుంది.