నడవదనే పెద్దమ్మ

మా పెద్దమ్మ లూర్దు మేరీకి ఒకటే జబ్బు. రేపటి గురించి ఒక్క మంచి మాట చెప్పదు. కాళ్ళు పడిపోయిన కుక్కల్ని నడిపించడం ఆవిడ పని. "ఇది నడుస్తుందా అమ్మా?" అని అడిగిన ప్రతివాడికీ "నడవదు" అని చెప్పడం ఆవిడ అలవాటు. వైద్యం చేసేవాళ్ళ దగ్గరికి వెళ్తే రోగం తగ్గకపోయినా కాస్త ధైర్యమైనా వస్తుందంటారు. మా పెద్దమ్మ గేటు దాటి లోపలికి వెళ్ళినవాడికి ఇంటి దగ్గర మిగిలిన ధైర్యం కూడా పోయేది.

నేనేమో బీమా ఏజెంటుని. ఎప్పుడో రాబోయే సుఖాన్ని ఇవాళే చూపించి సంతకం పెట్టించుకోవడం నా వృత్తి. అలాంటివాడికి అలాంటి పెద్దమ్మనివ్వడం దేవుడు చేసిన వేళాకోళం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ముందు మనవాళ్ళతోనే బోణీ చేద్దామని కాగితాలు పట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళాను.

"మెచ్యూరిటీ నాటికి నీకు హాయిగా ఉంటాది పెద్దమ్మా," అన్నాను.

"అప్పటికి నేనుండను."

"నువ్వు లేకపోతే మరీ మంచిది. మొత్తం వచ్చేత్తాది."

"అప్పటికి నువ్వు ఈ ఉద్యోగంలో ఉండవురా స్టీవెనూ," అని, కాగితాలు మడిచి నా జేబులో పెట్టి టీ ఇచ్చింది.

వయసులో ఉండగా ఆవిడ ఒక మిషన్ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పోలియో పిల్లల వార్డులో పనిచేసి రిటైరై అనకాపల్లి వచ్చేసింది. పెళ్ళి చేసుకోలేదు. "చేసుకుంటే నిలిచేదా?" అని ఎదురు ప్రశ్న వేసేది. ఇంటి పక్కన లారీ గుద్దేసిన ఊరకుక్క ఒకటి నడుము ఈడ్చుకుంటూ తిరుగుతుంటే చూడలేక దానికి కాళ్ళు పట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత జనమే తేవడం మొదలెట్టారు.

నీళ్ళ వైద్యానికి తొట్టి కావాలి కదా. తుమ్మపాల వైపు ఒక రైతు బెల్లం వండే పెనం మార్చుకుంటుంటే ఆ పాతది పెరట్లోకి తెప్పించింది. ఇటుకల మీద ఎక్కించి, కింద ఎండిన చెరుకాకుతో సన్నమంట పెట్టి, నీళ్ళు గోరువెచ్చనయ్యాక మంట లాగేసేది. కుక్క కాళ్ళు జారకుండా అడుగున తడిగోనెలు పరిచేది. పైన అడ్డంగా వెదురుబొంగు, దానికి పాత చీరతో ఉయ్యాల, ఆ ఉయ్యాలలో కుక్క పొట్ట. నీళ్ళలో ఒంటి బరువు తేలిపోతుంది కాబట్టి నేల మీద కదలని కాలు అక్కడ కాస్త కదులుతుంది. ఊళ్ళోవాళ్ళకి ఇంత వివరం ఎందుకు? మేరమ్మగారు కుక్కల్ని పాకం పడుతున్నారని చెప్పుకుని నవ్వుకున్నారు. బెల్లం పుణ్యమా అని బతికే ఊరు మాది, మరి ఆ ఊరి వేళాకోళంలోనూ ఆ తీపి కాస్త ఉండాల్సింది.

ఒకసారి బ్యాంకులో పనిచేసే రాజశ్రీగారు తెల్లటి పమేరియన్ కుక్కని టర్కీ తువ్వాల్లో చుట్టి తెచ్చింది. మేడ మెట్ల మీంచి పడి వెనక కాళ్ళు పోయాయి దానికి.

"నడుస్తుందా మేడమ్?"

"నడవదు."

"ఎక్స్‌రే తెచ్చాను, ఒకసారి చూడండి."

పెద్దమ్మ ఎక్స్‌రేని సూర్యుడికెదురు పెట్టి చాలాసేపు చూసింది. "ఇందులో కూడా నడవట్లేదు," అని, కుక్కని ఉయ్యాల్లో వేసింది.

రాజశ్రీగారు ఏడుస్తూనే రోజూ వచ్చింది. వానలు మొదలయ్యే నాటికి ఆ పమేరియన్ గేటు దూకి పోస్టుమాన్ని వీధి చివరిదాకా తరిమింది. ఆవిడ పూతరేకులు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "చూశారా మేడమ్, నడవదన్నారు," అంది.

"అది పరిగెట్టిందమ్మా. నడిచిందని నీకెవరు చెప్పేరు?" అని పెద్దమ్మ పూతరేకు నోట్లో వేసుకుంది.

మా చర్చి ఫాదరుగారు కూడా మినహాయింపు కాదు. ఆయన ముసలి ఆల్సేషన్‌కి నడుం పట్టేసింది. నడవదనగానే ఆయన చిరునవ్వు నవ్వి, "మేరమ్మా, నీకు విశ్వాసం తక్కువ," అన్నారు. "దేవుడి మీద నిండా ఉంది ఫాదర్. ఈ కుక్క నడుం మీదే లేదు," అంది.

ఇదంతా వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ అందరూ రాజశ్రీగార్లు కారు. కొత్తగా మేడ కట్టి, గేటుకి 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు రాయించి, ఆ బోర్డు కోసం కుక్కని కొన్న మహానుభావులు మా ఊళ్ళో చాలామందే. ఆ కుక్క కాలు విరిగితే బోర్డు మాత్రం ఉంటుంది. నడవదన్న మాట వినగానే వాళ్ళ మొహాల్లో బాధ కంటే ముందు ఒక తేలిక కనిపించేది. నేను కళ్ళారా చూశాను. "సెల్‌కి సిగ్నల్ లేదు, ఇప్పుడే వస్తాను," అని రోడ్డు మీదికి వెళ్ళి, కుక్కని గేటుకి వదిలేసి మాయమైనవాళ్ళున్నారు. అలా వదిలేసినవాటితో పెద్దమ్మ పెరడు నిండిపోయింది. రోజూ వాటికి గంజి కాచి పోస్తూ, "నీవాడు రాడు. తాగు," అని ఒక్కో కుక్కకీ విడివిడిగా చెప్పేది.

నాకు ఒళ్ళు మండేది. "ఆ ఒక్క మాట తిప్పి చెప్తే నీ సొమ్మేం పోయింది? నడుత్తాదని చెప్పుంటే వీళ్ళల్లో సగం మంది ఉండేవోళ్ళు," అనేవాణ్ణి. ఆవిడ గంజి గిన్నె పట్టుకుని ఇంకో కుక్క దగ్గరికి పోయేది.

ఒక ఏడు ఎండాకాలంలో బంగారయ్య వచ్చాడు. చెరుకు రైతు. కొట్లాటకి దిగినవాడిలా గేటు తోసుకుని, గోనెపట్టా మీద ఒక నల్లకుక్కని మోసుకొచ్చి నేల మీద పెట్టాడు. దాని పేరు మిలట్రీ. చెరుకుతోటలోకి అడవిపందుల్ని రానివ్వదని ఆ పేరు పెట్టాడట. కళ్ళంలో పడుకున్న దాన్ని చూసుకోకుండా తన ట్రాక్టరే వెనక్కి తోలేశాడు. అంటే గుద్దింది ఎవరో కాదు, ఆయనే. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దమ్మ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"డాక్టరమ్మా, ఒకే ముక్క సెప్పు. ఇది నడుత్తాదా, నడవదా? నడుత్తాదంటే సంవత్సరమైనా మోత్తాను. నడవదంటే ఇటు నుంచి ఇటే పశువులాసుపత్రికి పట్టుకుపోయి సూది ఏయించేత్తాను. ఇది ఇలా ఈడ్సుకుంటంటే నాను సూడలేను."

నేను స్కూటరు స్టాండు వేస్తున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను. పెద్దమ్మ కుక్క పక్కన కూర్చుని, వెన్నంతా వేళ్ళతో తడిమింది. వెనక పాదం వేళ్ళ సందున గట్టిగా గిల్లింది. కాలు వెనక్కి లాక్కోలేదు. మిలట్రీ తల మాత్రం తిప్పి, ఆవిడ చెయ్యి నాకింది. బంగారయ్య గోనెపట్టా అంచులు మళ్ళీ కూడగడుతున్నాడు.

"నడుస్తుంది," అంది పెద్దమ్మ.

ఇంకెవరైనా అన్నారేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను.

"ఎప్పటికి డాక్టరమ్మా?"

ఇలాంటి ప్రశ్న ఒకటి వస్తుందని పాపం ఆవిడకి తెలీదు. ఎన్నడూ అంతదూరం వెళ్ళలేదు కదా. "వానలు పడనీ," అంది.

ఆయన వెళ్ళాక నేను దగ్గరికి పోయి, "నిజంగా నడుత్తాదేటి పెద్దమ్మా?" అని అడిగాను.

"నడవదు. వెన్ను పూర్తిగా పోయింది," అంది.

అప్పట్నుంచీ మా పెద్దమ్మకి మనశ్శాంతి పోయింది. జీవితమంతా ఎవరికీ మాట బాకీ లేని మనిషి, ఇప్పుడు ఒక నల్లకుక్క తరఫున బాకీ పడింది. పాత పుస్తకాలు అటకమీంచి దింపి దుమ్ము దులిపింది. మిగతా కుక్కలకి చేసేదానికి రెట్టింపు మిలట్రీకి చేసేది. ప్రతి వారం చర్చికెళ్ళి అబద్ధమాడానని ఫాదరుగారి దగ్గర ఒప్పుకుని పాపసంకీర్తనం చేసి, ఇంటికొచ్చి ఆ కబురు నాకే చెప్పేది. ఫాదరుగారు విసుగెత్తి, "అది నడిచేస్తే నీది అబద్ధం కాదు కదమ్మా, అప్పటిదాకా ఓపిక పట్టు," అన్నారట. "నడవదు ఫాదర్," అని వచ్చేసిందట.

బంగారయ్య మాత్రం రోజూ మోపెడ్ మీద, ముందర గంపలో మిలట్రీని కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. చెరుకాకు ఆయనే తెచ్చి ఆయనే మంట పెట్టేవాడు. పంచె ఎగ్గట్టి పెనంలోకి దిగి, పెద్దమ్మ చెప్పినట్టు కుక్క వెనక కాళ్ళు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించేవాడు. దానికి తోటలో కబుర్లన్నీ చెప్పేవాడు. "పందులు మళ్ళీ దిగిపోతన్నాయిరా. నువ్వు లేవని ఆటికి తెలిసిపోనాది." మిలట్రీ నీళ్ళలో తోకాడించాలని చూసేది. తోక కదిలేది కాదు, చెవులు మాత్రం ఊగేవి.

వానలు పడ్డాయి. కుక్క లేవలేదు. పెద్దమ్మ గడువు చెరుకు నరికే నాటికి మార్చింది. ఆ పూట నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. మా ఆఫీసులో ఇలా గడువులు జరిపేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళెవరూ గడువు చెప్పి, లోపలికెళ్ళి కొంగుతో మొహం తుడుచుకోరు.

"ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట వీడికెందుకు చెప్పేవు?" అని నిలదీశాను.

"చెప్పకపోతే దాన్ని చంపేసేవాడు కదరా," అంది. ఎన్నాళ్ళుగానో నేనడుగుతున్నదానికి కూడా అప్పుడే జవాబు చెప్పింది. "పోలియో వార్డులో మేం క్రిస్మస్‌కి మీ పిల్లోడు నడుస్తాడని కన్నవాళ్ళకి చెప్పేవాళ్ళం. పాపం వాళ్ళు కొత్త జోళ్ళు కొనుక్కుని వచ్చేవారు. పిల్లోడు నడిచేవాడు కాదు. ఆ జోళ్ళు పట్టుకుని ఎళ్ళిపోయేవారు, కొంతమంది పిల్లోడి కోసం మళ్ళీ వచ్చేవారే కాదు. మాటిచ్చింది మేమురా. తప్పినోడు ఆ పిల్లోడయ్యేవాడు. అందుకే నడవదనే చెప్తాను. అది విన్నాక కూడా మర్నాడు వచ్చినోడు, కుక్క ఎలాగున్నా ఉంచుకుంటాడు. రానోడి కుక్క నా దగ్గరుంటుంది."

నేను లోకంలో అందరికంటే నిరాశావాది అనుకున్న మనిషి, పెరటినిండా కుక్కల్ని ఆ లెక్కన పోగుచేసింది.

చెరుకు నరుకుళ్ళు మొదలయ్యాయి. ఆ సాయంత్రం నేను పని మానుకుని మరీ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. బంగారయ్య సూది మాట ఎత్తితే, నా వృత్తిలో నేర్చుకున్న మాటలన్నీ వాడి ఇంకో గడువు సంపాదించాలని నా పథకం. ఆయన పెనంలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మిలట్రీ కాళ్ళు ఆడిస్తున్నాడు. నేను గొంతు సవరించుకునేలోగానే తలెత్తకుండా అడిగాడు.

"డాక్టరమ్మా, నిజం సెప్పీ. ఇది నడవదు కదా?"

ఆ మాట లెక్కలేనంతమందికి చెప్పిన మనిషి, ఆ రోజు చెప్పడానికి గోడ పట్టుకుంది.

"నడవదు బంగారయ్యా."

"వానలప్పుడే తెలిసిపోనాది నాకు," అన్నాడాయన. కాళ్ళు ఆడించడం ఆపలేదు.

"తెలిస్తే మరి ఎందుకు వస్తన్నావు?"

"నీ గురించేనమ్మా. ఇన్నాళ్ళూ ఎవులికీ సెప్పని మాట నాకు సెప్పేవని ఊరంతా అనుకుంటన్నారు. నువ్వేమో అంత ఆశ పెట్టేసుకున్నావు. ఇది లేవదమ్మా అని సెప్పేత్తే నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నాను."

ఆశ పెట్టుకుందన్న నింద పెద్దమ్మ మీద అంతకుముందు ఎవరూ వెయ్యలేదు. నేను నవ్వాపుకోలేక గేటు వైపు తిరిగి నిలబడ్డాను. నవ్వుతూనే ముక్కు ఎగబీల్చుకోవాల్సొచ్చింది.

"మరి సూది?" అని పెద్దమ్మే అడిగింది, మెల్లిగా.

"ఏటి సూది?" అన్నాడాయన. ఉయ్యాల ముడి విప్పి, మిలట్రీని తువ్వాల్లో చుట్టి చంకనెత్తుకుని, "రేపు మా తోట నరుకుడు. పొద్దున్న కుదరదు. సాయంత్రం ఏలకి వత్తాను," అన్నాడు.

"నువ్వు రావు," అంది పెద్దమ్మ.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళేసరికి, ఆయన ఇంకా రాకముందే, ఆవిడ నీళ్ళు కాచేసి మంట లాగేసి, వేడి సరిపోయిందో లేదోనని పెనంలో మోచెయ్యి ముంచి చూస్తోంది.