పిడి పీక్కుపోయే హజరత్తయ్య

హజరత్తయ్యకు ఒక్కటే పిచ్చి. ఎండలు ముదిరితే చాలు, ఊళ్లో ఎవరింట చేతిపంపు కనిపించినా దాని పిడి ఊడదీసి భుజాన వేసుకుపోతాడు. మిట్టమధ్యాహ్నం పట్టుకుపోయి దీపాలవేళకు తెచ్చి బిగిస్తాడు. ఇదేం పనయ్యా అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"తోలు వాషరు అలిసిపోయినాదక్కా. రొంతసేపు ఆముదంలో నానాల."

కోట బస్తీకి తూర్పున, సముద్రానికి కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్లో పంపులున్న ఇళ్లు పదకొండు. మాఘమాసంలోనే హజరత్తయ్య ఎవరూ పిలవకపోయినా వచ్చి, అన్ని పంపులూ విప్పి, తుప్పు గీకి, వాషర్లు మార్చి వేసవికి సిద్ధం చేసేవాడు. అంతవరకూ దేవుడు. కత్తిరి ఎండలు మొదలయ్యాయా, ఇక దొంగే. ఒకసారి నాలుగు పిడులు భుజాన వేసుకుని అలాగే పెళ్లికి పోతే, కొట్లాటకు వచ్చాడనుకుని ఆడపెళ్లివాళ్లు తలుపులు మూసేశారు. ఆయన పెళ్లాం కామమ్మది ఇంకో గోల. "మధ్యాన్నం రొంత నడుం వాల్చుదామంటే మంచం నిండా పిడులేనమ్మా! నన్ను కట్టుకున్నాడా, వాటిని కట్టుకున్నాడా?" అని దారినపోయేవాళ్లను ఆపి మరీ చెప్పుకునేది.

పంతొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో మాత్రం నవ్వే ఓపిక ఎవరికీ లేకపోయింది. వానలు మొహం చాటేశాయి. ఒకే వారంలో ముగ్గురు వడదెబ్బకు పోయారు. నాలుగోవాడు తన మొగుడు పద్మనాభయ్యే అవుతాడేమోనని, పంపున్న ఇంటి ఇల్లాలు వెంకటశేషమ్మ వణికిపోయింది. అతను కళ్లంలో పడిపోయి నాలుగు రోజులైంది. ఒళ్లు కాలిపోతోంది, నోట మాట లేదు. డాక్టరు వచ్చి సూది వేసి, "గది చల్లగా ఉంచండమ్మా. గుమ్మాలకు తడికలు కట్టి తడుపుతూ ఉండండి. అవి ఆరిపోతే ఇక నేను చేసేదేమీ లేదు," అని పోయాడు.

మూడు గుమ్మాలకూ వట్టివేళ్ల తడికలు కట్టించి, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా తనే పంపు కొట్టి బిందెలకు బిందెలు కుమ్మరించింది ఆమె. మూడు రోజులు హజరత్తయ్య వాకిట్లోకి రాకుండా లోపల గడియ పెట్టుకుంది. నాలుగో రోజు ఆ మహానుభావుడు పెరటి గోడ దూకి వచ్చాడు. దోసిట్లో నీళ్లు పట్టి నాలుక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మాడు. ఆ వెంటనే పిడి మేకు పీకడం మొదలుపెట్టాడు.

"ఏందయ్యా నువ్వు చేస్తా ఉండేది?"

"వాషరు అలిసిపోయి..."

"మనిషి పోతా ఉంటే నీ వాషరు అలిసిందా? పెట్టు కింద!"

"అదిగాదక్కా, తడికలకి నేను..."

చెంబు గాల్లోకి లేచింది. హజరత్తయ్య తల తప్పించుకుని, అరవై ఏళ్ల వయసులో పిడితో సహా గోడ దూకి పరుగు లంకించుకున్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆడబిడ్డ ఆదిశేషమ్మను మంచం దగ్గర కూర్చోబెట్టి, నెత్తిన కొంగు వేసుకుని ఆ ఎండలోనే అతని వెంట పడింది. అతను సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లెపాళెంలో తేలాడు. పాళెం మొత్తానికీ తాగే నీళ్లు ఇసకలో తవ్విన ఒక్క దొరువులోనే. దాని చుట్టూ ఆడవాళ్లు ఖాళీ కుండలతో కూర్చుని ఉన్నారు. గట్టు మీద పిడులన్నీ పక్కన పడేసుకుని హజరత్తయ్య నీళ్లు చప్పరిస్తున్నాడు.

"నా ఉసురు నీకు..." అని మొదలుపెట్టింది గానీ, ఆయాసంతో మాట రాలేదు. ఎవరో ఏమిటో తెలియకుండానే అంకాలమ్మ అనే ఆమె కొబ్బరిచిప్పతో నీళ్లు అందించింది. వెంకటశేషమ్మ గుటక వేసింది. నోరంతా ఉప్పు.

"ఓర్చుకో తల్లా," అంది అంకాలమ్మ. "పైన ఊళ్లో పంపులు ఆగినాయంట. ఇంగ రొంతసేపటికి తీపి తిరుగుద్ది. ఈ మూడు రోజులూ ఒక పంపు ఆగలేదంట. ఈ ఉప్పునీళ్లు తాగి మా చెల్లెలి బిడ్డ వాంతులు పట్టి నిన్న పోయినాడు."

ఆ ఒక్క పంపు ఎవరిదో వెంకటశేషమ్మకు తెలుసు. సిగ్గుతో, భయంతో ఆమె ఇసకలో చతికిలబడింది.

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే? పల్లెపాళెం కోసరం మా పంపు ఆపేదేందిరా అంటారు పదకొండిళ్లోళ్లూ. వాషరు కోసరమంటే తిట్టుకుంటానే ఇస్తారు. ఈ ఇసకలో పైన తీపి, కింద ఉప్పు గదక్కా. మనం ఆడ తోడేకొద్దీ వీళ్లకి ఈడ ఉప్పు లేస్తాది."

"మరి ఆయన్నేం చేసుకోమంటావు? చంపుకోమంటావా?" ఆమె భోరుమంది.

"తడికకి తీపినీళ్లెందుకక్కా? అదేమన్నా తాగుద్దా? ఉప్పుకాలవ నీళ్లు చాలవా? ఆ మాట చెప్పబోతేనే గదా చెంబిసిరితివి! నేను పంపితే ఈ పాళెం ముత్యాలయ్యోళ్లు కాలవదారిన మీ ఇంటికి కావిళ్లెత్తుకుని పొయ్యి శానాసేపయింది."

ఆమె పడుతూ లేస్తూ ఇంటికి వచ్చిపడింది. పెరటి గోడ పక్కన కావిళ్లు బారులు తీరి ఉన్నాయి. ముత్యాలయ్యా, మరో ముగ్గురు బెస్తవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు తడికల మీద నీళ్లు కొడుతున్నారు. ఆదిశేషమ్మ నడుముకు కొంగు బిగించి, "ఇటు పక్క! ఇటు పక్క ఆరిపోతా ఉండాది!" అని వాళ్లను ఉరుకులు పెట్టిస్తోంది. గది లోపల గాలి చల్లగా తగిలింది. వట్టివేళ్ల వాసన ఒక పాలు అయితే, చేపల కుండల వాసన మూడు పాళ్లు.

మంచం మీద పద్మనాభయ్య ముక్కు కదిలింది. మళ్లీ కదిలింది. నాలుగు రోజుల తర్వాత కళ్లు తెరిచాడు.

"ఏమే," అన్నాడు పీలగొంతుతో. "చేపల పులుసు కాస్తా ఉండావా? నాకొక మాట చెప్పొద్దా?"

వెంకటశేషమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. "పొయ్యి మీదనే ఉండాది," అని నిలువునా అబద్ధం ఆడి, గబగబా పెరట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"ముత్యాలయ్యన్నా, యాడన్నా రెండు మడవ చేపలు దొరుకుతాయా?"