బిందెలకు పూసిన పూలు

"ఇది నా బిందె, వదులే!"

"నీదని యాడుండాది? పేరు రాసుండాదా?"

"పేరెందుకే? గుర్తుండాది. నిలువు గీత."

"యాడుండాది గీత, చూపీ! ఈడ పువ్వుండాది."

"మరి నీ దాని మీద ఏముండాది?"

"నా దాని మీదా పువ్వే ఉండాది. ఏం పోయేకాలమో!"

ఓబులమ్మ, హుస్సేన్‌బీ ఒకే బిందెకు చెరో పక్క వేలాడుతున్నారు. వాళ్ల వెనక వీధి ఆడవాళ్లంతా బిందెలు ఎత్తి తిప్పి చూస్తూ, ఒకరి జుట్టు ఒకరు అందుకునేదాకా వచ్చారు. నేను గోడ నీడన కూర్చుని, ఎర్ర పెయింటు డబ్బాను చీర కుచ్చెళ్ల కిందికి తోసుకుంటున్నాను. మా వీధి చరిత్రలో అంతటి ప్రళయం లేదు. తెచ్చింది నేనే. నవ్వుతారా, నవ్వండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అసలు తప్పంతా నా మనవరాలు శిరీషది. అనంతపురంలో నర్సు చదువు చదువుతోంది. పోయిన ఎండాకాలం సెలవులకు వచ్చి, చదివింది ఎవరి మీద చూపించాలో తెలియక నా చేతికి పట్టీ చుట్టింది.

"అవ్వా, నీకు బీపీ ఎక్కువుండాది. కోపం తగ్గించుకోవాల."

"నాకు కోపమేడిదే?" అని అరిచాను. పక్కింటి కోళ్లు గోడ దూకాయి.

"చూడు మళ్లా! కాగితం మీద పూలు గీస్తా ఉండు. సున్నా చుట్టు, చుట్టూ రెక్కలెయ్యి. ఆలోచన చేయగూడదు. చెయ్యి యాడికి పోతే ఆడికి పోనీ. మనసు చల్లబడతాది."

"ముగ్గు లాగానా?"

"ముగ్గుకు చుక్కలుంటాయి, లెక్కుంటాది. దీనికి ఏ లెక్కా లేదు."

లెక్కలేని పని నేను పుట్టి బుద్ధెరిగి చేయలేదు. సబ్బు అరిగిపోతే ఆ ముక్కను కొత్త సబ్బుకు అంటించేదాన్ని నేను. చదివింది మూడో తరగతి. తెల్లకాగితం చూస్తే ఇప్పటికీ చెప్పులు విప్పాలనిపిస్తుంది. దాని మీద ఊరికే పిచ్చి పూలు గీయడమా? పాత క్యాలెండరు చింపి వెనకవైపు గీశాను. సున్నా, రెక్క, రెక్క, రెక్క. చెయ్యి నడిచింది. మెడ మీదినుంచి గడ్డిమోపు దించినట్టు హాయిగా ఉంది. ఒట్టు, హాయిగానే ఉంది! నా కోపమంతా దానికే.

క్యాలెండరు అయిపోయింది. స్కెచ్ పెన్ను ఎండిపోయింది. కొత్తది కొనమంటారా? తలుపులకు వేయగా మిగిలిన ఎర్ర పెయింటు డబ్బా అటక మీద ఉంది. మూత తీశాక వాడకపోతే గడ్డకట్టి పాడవుతుంది. కాబట్టి చేటకు పూలు, రోలుకు పూలు, గాబుకు పూలు. ఇక మా ఇంట్లో పువ్వు లేనిది మా ఆయన బట్టతల ఒక్కటే. ఆయన నన్ను చూస్తే చాలు, తువ్వాలు చుట్టుకునేవాడు.

ఇప్పుడు బిందెల సంగతి. మా వీధిలో నీళ్ల ట్యాంకరు వరసలో మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. ఆ ఎండకు మనిషి నిలబడితే అప్పడమవుతుంది. తెల్లారి బిందె పెట్టిపోతే ఆ చోటు వాళ్లదే. పాత ఇనుముకు బిందెలిచ్చే ఆయన మా వీధికి ఒక్కడే, ఆయన దగ్గరున్న రంగూ ఒక్కటే, ఆకుపచ్చ. అందుకని ప్రతి ఇంటికీ ఒక ఎర్ర గుర్తు. ఓబులమ్మది నిలువు గీత, హుస్సేన్‌బీది గుండ్రటి చుక్క, మాది ఇంటూ గుర్తు.

ఆ రోజూ అందరూ బిందెలు పెట్టి ఇళ్లకు పోయారు. నేను పోలేదు. నా బిందెను ఇంకొకరి నమ్మకానికి వదిలే రకం కాదు. కూర్చున్నాను. ట్యాంకరు రాదే! ఎక్కడికి పోయినా వెంట తెచ్చుకునే డబ్బా పక్కనే ఉంది. వేలు ముంచి మా ఇంటూ గుర్తుకు రెక్కలు తొడిగాను. పక్కన ఓబులమ్మ గీత కాడలాగా కనిపించింది. అంత మంచి కాడను పువ్వు లేకుండా ఎలా వదలడం? హుస్సేన్‌బీ చుక్క చుట్టూ రెక్కలు వేశాను. ఒకదానికి కాడ ఉండి ఇంకోదానికి లేకపోతే పక్షపాతమని అన్నిటికీ కాడలు పెట్టాను, అన్నిటికీ నడుమ చుక్కలు పెట్టాను. శిరీష చెప్పినట్టే ఆలోచన అనేది దగ్గరికి రానీయలేదు.

అప్పుడు వచ్చింది ట్యాంకరు. అందరూ ఒక్కసారిగా ఉరికారు, కాళ్లు తగిలి బిందెలు దొర్లాయి, వరస మాయమైంది. ఏది ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. ఆ తరవాత జరిగింది మీకు ముందే వినిపించాను.

ఓబులమ్మ చూపు నా మీద పడింది. "అవ్వా, నీ వేలికేమైంది?"

"గోరింటాకు."

"ఒక్క వేలికేనా?"

అంటూనే ఆమె నా కుచ్చెళ్లు ఎత్తి డబ్బా బయటికి లాగింది. ఇంతలో ట్యాంకరు డ్రైవరు పైపు చుట్టేశాడు. "ఏమప్పా, మీ పంచాయితీ ఎప్పటికి తెగేది? నాకు ఇంకో ఊరుండాది."

పోయాడు! చుక్క నీరు పోయకుండా పోయాడు.

"నా కూతురు బాలింత," అంది ఓబులమ్మ. ఈసారి అరవలేదు, గొంతు వణికింది. "పసిబిడ్డకు నీళ్లెట్ల పోయాల? నీ పూలు పిండి పోయాల్నా?"

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. వణికితే ఏం చేయను? మా పెరట్లో ఒక నీళ్ల డ్రమ్ముంది. దానికి మూత, మూత మీద గుండురాయి. నా కొడుకు చెంబెడు ముంచినా ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆ రోజు నా చేత్తో గుండు దించి, ముందు ఓబులమ్మకు, తరవాత వీధికంతా ముంచి పోశాను. డ్రమ్ము అడుగు కనిపించింది. ఏ బిందె ఎవరిదో తేలక, చేతికందింది తమదనుకుని అందరూ ఇళ్లకు పోయారు. నా బీపీ ఎంతుందో చూస్తానని శిరీష పట్టీ తెచ్చింది. ఆ పట్టీతోనే తరిమాను.

డబ్బా ఓబులమ్మే పట్టుకుపోయింది. సాయంత్రం నేను కిరసనాయిలు గుడ్డతో నా బిందె మీది పువ్వును, దాంతోపాటు ఇంటూ గుర్తునూ ఆనవాలు లేకుండా రుద్దేశాను. ఎండిన పెన్నునూ మిగిలిన క్యాలెండరు అట్టనూ పొయ్యిలో వేసి, అగ్నిసాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నా నెత్తురు మరిగి ఆవిరైనా సరే, ఈ జన్మలో పువ్వు గీయను, గీసేవాళ్ల గడప తొక్కను.

మర్నాడు పొద్దున వరసలో బిందెలున్నాయి. ఒక్కరూ పువ్వు చెరపలేదు. ఆ డబ్బాతోనే ఓబులమ్మ తన పువ్వుకు రెండాకులు పెట్టింది, హుస్సేన్‌బీ సీతాకోకచిలుకను వాల్చింది, మిగతావాళ్లు మొగ్గలో తీగలో ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకున్నారు. ఆ తోట నడుమ ఒకే ఒక్క బోడి బిందె.

డ్రైవరు పైపు పట్టుకుని అడిగాడు. "ఈ బోడి బిందె ఎవురిదప్పా?"

వీధి వీధంతా ఒక్క గొంతుతో చెప్పింది.

"పూలవ్వది!"